కానిస్టేబుల్ గంటలకు లెక్క ఎవరు చెప్పాలి?

మా కాలనీ సంఘం వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక మెసేజ్ వచ్చింది. ఇంటికింత అని చందా వేసుకుని వీధి మలుపుల్లో సీసీ కెమెరాలు పెట్టిద్దాం, స్టేషన్ వాళ్ళు కూడా అదే సలహా ఇచ్చారు, నెలాఖరులోగా డబ్బు కట్టండి అని. దసరా సెలవుల్లో మా దగ్గర తాళం వేసిన ఇళ్ళలో దొంగలు పడ్డారు. కూతురి పెళ్ళికని దాచుకున్న బంగారం పోగొట్టుకున్న కుటుంబం ఇంకా తేరుకోలేదు. అందుకే ఆ మెసేజ్‌కి అందరూ వెంటనే సరే అన్నారు. నేను మాత్రం ఇంకా డబ్బు కట్టలేదు. ఎందుకని కోశాధికారి గారు ఫోన్ చేసి అడిగారు. గ్రూపులో నాలుగు ముక్కల్లో చెబితే తగువులా ఉంటుంది కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక పేటకు పోలీసుల అండ ఎంత ఉందన్నది కెమెరాల లెక్కతోనో, పెట్రోలింగ్ బండ్ల లెక్కతోనో తేలదు. స్టేషన్ బలం ఎంత అన్న దాంతో కూడా తేలదు. ఆ వీధుల్లో ఒక కానిస్టేబుల్ నెల మొత్తం మీద ఎన్ని గంటలు ఉన్నాడు, ఏ వీధిలో ఉన్నాడు, ఏ వేళప్పుడు ఉన్నాడు అన్నదే అసలు లెక్క. ఆ గంటలను బందోబస్తులకూ ప్రోటోకాల్ డ్యూటీలకూ లాక్కోకుండా కాపాడాలి. ఆ లెక్క జనానికి తెలియాలి. అది అడగకుండా మనం చందాలు పోగేసి కెమెరాలు కొనిస్తే, మనిషి రాకపోయినా ఫరవాలేదని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

మినిట్స్ బుక్‌లోకి ఎక్కని మాట

ఈ విషయం మీద సెల్లార్‌లో కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. స్టేషన్ నుంచి ఎస్సై గారు వచ్చారు. యువకుడు, మర్యాదగా మాట్లాడే మనిషి. ఒక చైన్ స్నాచింగ్ కేసులో బండి వెళ్ళిన దారిని ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు వెతుక్కుంటూ, మూడు స్టేషన్ల పరిధి దాటి నిందితుణ్ణి ఎలా పట్టుకున్నారో వివరించారు. మా వాళ్ళు శ్రద్ధగా విన్నారు. రాత్రిపూట నంబర్ ప్లేటు కనపడుతుందా, ఫుటేజ్ ఎన్ని రోజులు ఉంటుంది, కరెంటు పోతే ఎలా అని అడిగారు.

అప్పుడు లిఫ్టు పక్కన నిలబడి ఉన్న ఒకామె గొంతు విప్పింది. మా కాలనీ వెనక బస్తీలో ఉంటుంది, మా బ్లాకులో మూడిళ్ళలో పని చేస్తుంది. "సార్, మా గల్లీ మొదట్ల బెల్టు షాపు ఉంది. ఎనిమిది దాటితే ఆడపిల్లలు ట్యూషన్ కెళ్ళి రానీకి భయపడుతున్నరు. పోయిన నెల నా ఫోను గుంజుకొని పోయిండ్రు. స్టేషన్‌కొస్తే, దొంగతనం అని రాయకు, ఎక్కడో పడిపోయిందని రాసియ్యి అన్నరు. మాకు కెమెరా వద్దు సార్. ఆ టైంల ఒక పోలీసాయన ఆడ నిలబడితే సాలు."

ఎస్సై గారు "చూస్తామమ్మా" అని చిన్న పుస్తకంలో రాసుకున్నారు. చర్చ మళ్ళీ కెమెరాల కంపెనీల మీదికి పోయింది. తరవాత నేను మినిట్స్ బుక్ చూశాను. ఆమె అన్న మాట అందులో ఎక్కడా లేదు.

నా దృష్టిలో ఆ సాయంత్రం అక్కడ ఉన్నవాళ్ళలో పోలీసులను ఎలా వాడుకోవాలో కచ్చితంగా చెప్పింది ఆమె ఒక్కతే. చోటు చెప్పింది, వేళ చెప్పింది, ఎంతమంది కావాలో చెప్పింది. మేమందరం కలిసి అడిగింది ఒక వస్తువును.

ఆమె ఫోను సంగతి ఇంకా పెద్దది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చేతిలోంచి లాక్కుపోవడానికి విడిగా ఒక సెక్షనే ఉంది, 304. పాత ఐపీసీలో అలా విడిగా ఉండేది కాదు. కొత్తగా సెక్షన్ వచ్చినా, 'పోగొట్టుకున్నది' అని రాయించుకుంటే ఆ నేరం కాగితం మీద జరగనట్టే. స్టేషన్ వాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. 'పోయింది' అని రాసినా, పోయిన ఫోన్ల కోసం కేంద్రం పెట్టిన సీఈఐఆర్ పోర్టల్లో ఫోన్‌ను బ్లాక్ చేయొచ్చు, ఎవరైనా వాడితే ఆచూకీ దొరుకుతుంది, ఆమెకు కావలసింది ఫోనే కదా అంటారు. నిజమే, అలా చాలామందికి ఫోన్లు తిరిగి దొరుకుతున్నాయి. కానీ రేపు ఎవరైనా పై అధికారి ఏ వీధిలో నేరాలు ఎక్కువో చూసి మనుషులను పంపాలనుకుంటే, ఆ బస్తీ మ్యాపులో శుభ్రంగా కనపడుతుంది. మా కాలనీ ఎర్రగా కనపడుతుంది. మా ఇళ్ళ దొంగతనాలకు ఎఫ్ఐఆర్ అయింది మరి, ఇన్సూరెన్సులకూ బ్యాంకు లాకర్ల గొడవలకూ కావాలి కాబట్టి మేం పట్టుబట్టి చేయించుకుంటాం.

నలభై మంది ఎటు పోతారు

మా బాబాయ్ ఉమ్మడి రాష్ట్రంలో కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ఈ మీటింగు సంగతి చెబితే వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.

"చూడమ్మా, స్టేషన్‌కి యాభై మంది సాంక్షన్ అనుకో. ఉండేది నలభై. వాళ్ళలో ముగ్గురో నలుగురో పై ఆఫీసుల్లో అటాచ్‌మెంటు, జీతం మన దగ్గర, పని అక్కడ. మూడు షిఫ్టులకు సెంట్రీ. రైటరూ, ఆయనతోపాటు కంప్యూటర్ మీద కూర్చునేవాళ్ళూ. కోర్టు కానిస్టేబుల్ పొద్దున వెళ్తే సాయంత్రమే. సమన్లకూ వారంట్లకూ ఇద్దరు. పాస్‌పోర్టు ఎంక్వైరీకి ఒకరు. బండి మీద ఒక్కో షిఫ్టుకు డ్రైవరూ ఇంకో మనిషీ. రిసెప్షన్‌లో అమ్మాయిలు. క్రైమ్ పార్టీ దొంగ కోసం మహారాష్ట్రలోనో రాజస్థాన్‌లోనో ఉంటుంది. ఒకరికి జ్వరం, ఒకరింట్లో చావు. లెక్కపెట్టు, ఎంతమంది మిగిలారు? ఆ మిగిలిన అయిదారుగురినే రేపు మంత్రిగారి ప్రోగ్రాం ఉంది రమ్మంటారు."

ఇది ఒక స్టేషన్ లెక్క అని నేను అనను, ఆయన అనుభవంలోంచి చెప్పిన నమూనా. కానీ పెద్ద లెక్కలు దీన్ని కొట్టేయవు. 2020 మొదట్లో దేశం మొత్తం మీద లక్ష జనాభాకు మంజూరైన పోలీసులు 195 మందయితే, నిజంగా ఉన్నది 155 దగ్గర. 2017లో కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ బీపీఆర్ అండ్ డీ బయటపెట్టిన లెక్కల్లో దేశంలో 663 మందికి ఒక పోలీసు ఉంటే, ఒక్కో వీఐపీకి సగటున ముగ్గురికి దగ్గరగా ఉన్నారు. 2014లో మన హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజే ఒక అధ్యయనం చేసింది. స్టేషన్ సిబ్బందిలో సుమారు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేస్తున్నారని తేల్చింది. 2019లో కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ అనే సంస్థలు కలిసి వేసిన నివేదికలో పోలీసుల పని సగటున రోజుకు 14 గంటలు.

ఇక్కడే నాకు మొదట తికమక అనిపించింది. మనిషి రోజుకు 14 గంటలు పని చేస్తుంటే, మా వీధికి గంట కూడా దక్కకపోవడం ఏమిటి? గంటలు లేక కాదు. ఆ గంటలు ఎక్కడ ఖర్చు కావాలో తేల్చే మీటింగుల్లో మా బస్తీ గురించి మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. మంత్రిగారి పర్యటనకు మనుషులు తగ్గితే మర్నాడు సంజాయిషీ అడుగుతారు. గల్లీ మొదట్లో కానిస్టేబుల్ లేకపోతే ఎవరూ అడగరు. కాబట్టి తగ్గించాల్సి వచ్చినప్పుడల్లా తగ్గేది బీటే, అంటే వీధుల్లో తిరిగే గస్తీ. ఇందులో ఏ సీఐ గారి చెడ్డతనమూ లేదు, ఆయన కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే చేస్తారు.

కొత్తగా మనుషులను తీసుకుంటే సరిపోతుంది కదా అనొచ్చు. తీసుకోవాలి, తప్పకుండా. కానీ దానికి పట్టే కాలం చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరిలో ప్రిలిమినరీ రాశారు. కోర్టు కేసుల మధ్య ఆగిపోయి, దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు నాటికి గాని మొదలుకాలేదు. తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. ఆ తరవాత ట్రైనింగ్. ఇన్నేళ్ళూ ఆ గల్లీలో పిల్లలు ట్యూషన్ మానుకోవాలా?

పాయింట్ బుక్‌లో తెల్ల కాగితాలు

మా గేటు పక్కన గూటిలో ఒక పాయింట్ బుక్ ఉంది. రాత్రి బీటు కానిస్టేబుల్ వచ్చి టైము వేసి సంతకం పెట్టే పుస్తకం. మూలలు నలిగి, వానకు అట్ట ఉబ్బింది. వాచ్‌మన్‌ను అడిగి పేజీలు తిప్పాను. జూలైలో దాదాపు రోజూ సంతకం ఉంది, ఒకే చేతిరాత, రాత్రి ఒంటిగంటకూ రెండింటికీ మధ్య. వినాయక చవితి రోజు దగ్గర ఆగిపోయింది. నిమజ్జనం దాకా గళ్ళన్నీ ఖాళీ. ఆ తరవాత వేరే చేతిరాత మొదలైంది, మధ్య మధ్య రోజులు వదిలేస్తూ.

హైదరాబాద్‌లో నిమజ్జనానికి పాతిక వేలకు పైగా పోలీసులు కావాలి. ఖైరతాబాద్, ట్యాంక్‌బండ్, పాతబస్తీ ఊరేగింపు దారి, ఇవన్నీ తెలిసినవే. ఆ బందోబస్తు అనవసరం అని ఎవరూ అనలేరు, నేనూ అనను. ఒక్క రాత్రి తేడా వస్తే ఈ నగరం ఏమవుతుందో పాతవాళ్ళకు తెలుసు. నా బాధ అది కాదు. నిమజ్జనం తేదీ పంచాంగంలో ఏడాది ముందే ఉంటుంది. బోనాలు, మొహర్రం, శ్రీరామనవమి శోభాయాత్ర, ఎన్నికలు, అసెంబ్లీ సమావేశాలు, కొత్త సంవత్సరం రాత్రి, ఐపీఎల్ మ్యాచులు, అన్నీ ముందే తెలిసినవి. తెలిసిన పనికి ప్రతిసారీ బీటు మనిషినే ఎందుకు లాగుతారు? బందోబస్తు కోసమే స్పెషల్ పోలీసు బెటాలియన్లు ఉన్నాయి, ఆర్మ్‌డ్ రిజర్వు ఉంది. 2024 అక్టోబరులో ఆ బెటాలియన్ల కానిస్టేబుళ్ళూ వాళ్ళ భార్యలూ తెలంగాణలో రోడ్డెక్కారు. పోలీసులందరికీ ఒకే పద్ధతి ఉండే 'ఏక్ పోలీస్' విధానం కావాలన్నారు, తమ చేత చేయించకూడని పనులు చేయిస్తున్నారన్నారు, ఇంటికి వెళ్ళే రోజులు తగ్గించారన్నారు. 39 మందిని సస్పెండ్ చేశారు, పది మందిని ఉద్యోగంలోంచి తీసేశారు. యూనిఫాంలో ఉన్నవాళ్ళు ధర్నా చేయడం తప్పే అనుకున్నా, వాళ్ళు లేవనెత్తిన ప్రశ్న సరైనదే: ఒక పోలీసు మనిషి గంటలు ఎవరి పనికి ఖర్చవుతున్నాయి?

కెమెరాల వాదనలో ఉన్న బలం

కెమెరాలు దండగ అని నేను వాదించడం లేదు. ఎస్సై గారు చెప్పిన కేసు లాంటివి వందల్లో ఉంటాయి. ఈ నగరం కెమెరాల దారిలోకి రావడానికి కారణాలూ చిన్నవి కావు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు జరిగిన 2013లోనే ప్రజాభద్రత చట్టం వచ్చింది. జనం వచ్చిపోయే పెద్ద దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజ్ ఉంచాలని ఆ చట్టం చెబుతుంది. తరవాత 'నేను సైతం' పేరుతో కాలనీల చందాలతో వేల కెమెరాలు వచ్చాయి. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు. హత్య కేసుల్లో, కిడ్నాప్ కేసుల్లో ఈ ఏర్పాటు ఎంత సాయపడిందో రోజూ పేపర్లో చూస్తున్నాం.

కానీ మా కాలనీకి కావలసింది దొంగతనం జరగకుండా ఉండటం. ముసుగేసుకుని గోడ దూకిన వాణ్ణి మర్నాడు స్క్రీన్ మీద చూసి ఏం చేస్తాం? దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది. పైగా పక్క కాలనీ అనుభవం కళ్ళ ముందే ఉంది. రెండేళ్ళ కింద వాళ్ళు పెట్టించిన వాటిలో సగం పని చేయవు. కోతులు కేబుళ్ళు తెంపాయి, మెయింటెనెన్స్ గడువు అయిపోయింది, మళ్ళీ చందా అంటే ఎవరూ ముందుకు రాలేదు. స్తంభాల మీద 'మీరు సీసీ కెమెరాల నిఘాలో ఉన్నారు' అన్న బోర్డు మాత్రం ఉంది.

నాకు అంతకంటే మింగుడుపడని సంగతి, చందాతో వచ్చే భద్రత చందా ఇవ్వగలిగిన చోటికే వస్తుంది. పన్నులతో నడిచే పోలీసు వ్యవస్థలో ఒక భాగం డబ్బున్న వీధుల వైపు జరిగిపోతుంది. కెమెరాలున్న చోట కేసు తొందరగా తేలుతుంది, తేలే కేసు మీదే స్టేషన్ వాళ్ళూ ఎక్కువ సమయం పెడతారు. బస్తీలో పోయిన ఫోన్‌కు ఫుటేజ్ ఉండదు, కాబట్టి కేసు తేలదు, కాబట్టి అసలు కేసే వద్దు.

బస్తీకి పోలీసులు వచ్చే పద్ధతి

మీరే అన్నారు కదా, బస్తీకి పోలీసులను పంపమని, పంపుతూనే ఉన్నారుగా అని నా స్నేహితుడొకడు అడిగాడు. వాడు అన్నది కార్డన్ సెర్చ్ గురించి. నిజమే, ఆ బస్తీకి కూడా ఒకసారి వచ్చారు. తెల్లవారకముందే నాలుగు వైపులా దారులు మూసి, తలుపులు తట్టి, ఆధార్ చూపించమన్నారు. కాగితాలు లేని బండ్లను వరసగా పెట్టి ఫొటోలు తీశారు. అందులో ఒకటి మా పాలబ్బాయి బండి, ఇన్సూరెన్స్ అయిపోయింది అంతే. ఆ పొద్దున మాకు పాలు రాలేదు. మా వీధిలో కూడా ఇన్సూరెన్స్ లేని బండ్లు ఉంటాయి, మా తలుపులు ఎవరూ తట్టలేదు.

ఒక్క తెల్లవారుజామున వందమంది, మిగిలిన ఏడాదంతా ఒక్కరూ లేరు. ఆ వందమంది రెండేసి గంటలు ఉన్నారనుకుంటే రెండు వందల గంటలు. అవే గంటలను రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఒకే మనిషికి పంచితే వంద సాయంత్రాలు ఆ బెల్టు షాపు దగ్గర ఒకరు నిలబడొచ్చు. ట్యూషన్ పిల్లలకు ఒక విద్యా సంవత్సరంలో సగం గడుస్తుంది. నేను గంటల లెక్క గంటల లెక్క అని పోరుతున్నది ఇందుకే. ఖర్చు ఒకటే, కానీ ఒక పద్ధతిలో బస్తీ అంతా అనుమానితులు, రెండో పద్ధతిలో వాళ్ళు కాపాడుకోవలసిన జనం.

నేరాలు ఎక్కువున్న చోటికే పోలీసులను పంపాలన్న సూత్రంలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, దాన్ని నేను కొట్టేయలేను. ఒక చోటి మీద ముద్ర పడితే తొందరగా పోదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది, అయినా స్టువర్టుపురం పేరు చెబితే మన తాతల తరం ఏమనేదో, మన తరం ఏమనుకుంటుందో మనకు తెలుసు. అందుకే నేను నేరాల మ్యాపును ఒక్కదాన్నే నమ్మను. ఎక్కడ కేసులు ఎక్కువున్నాయో దాంతోపాటు, ఎక్కడ జనం భయంతో ఏ పని మానుకుంటున్నారో కూడా అడగాలి. దేశంలో నేరాల లెక్కలు వేసే ఎన్సీఆర్బీ తన వార్షిక నివేదికలోనే చెబుతుంది, నేరాలు పెరగడం వేరు, పోలీసులు నమోదు చేసినవి పెరగడం వేరు అని. మధ్యప్రదేశ్‌లో 180 స్టేషన్లలో మహిళా హెల్ప్ డెస్కుల మీద జరిగిన అధ్యయనం 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. డెస్కు పెట్టిన స్టేషన్లలో మహిళల కేసుల నమోదు పెరిగింది. ఆ పెరుగుదల చూసి అక్కడ నేరం పెరిగిందని సీఐని మందలిస్తే, వచ్చే ఏడాది నుంచి 'పోగొట్టుకున్నది' అని రాయించుకోవడం నేర్చుకుంటారు.

గస్తీ వల్ల లాభం లేదన్న ప్రయోగం

నా వాదనకు అన్నిటికంటే గట్టి దెబ్బ అమెరికా నుంచి వస్తుంది. 1972–73లో కాన్సస్ సిటీలో 15 బీట్లను మూడు రకాలుగా విడదీశారు. కొన్నిట్లో మామూలు గస్తీ ఆపేసి పిలిస్తేనే వెళ్ళారు. కొన్నిట్లో ఎప్పటిలాగే ఉంచారు. కొన్నిట్లో రెండు మూడు రెట్లు పెంచారు. ఏడాది తరవాత చూస్తే నేరాల్లోనూ, జనం భయంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. గస్తీ మారిన సంగతి జనం గమనించనే లేదు.

ఇది చదివినప్పుడు నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. అక్కడ పెంచినది కార్లలో, ఎటుపడితే అటు తిరిగే గస్తీ. మన పోలీసుల ఇన్నోవాలు కూడా అంతే కదా. 2014లో కొత్త రాష్ట్రంలో హైదరాబాద్ పోలీసులకు కొత్త బండ్లు ఇచ్చినప్పుడు అందరం సంతోషించాం, వంద నంబరుకు ఫోన్ చేస్తే నిమిషాల్లో వస్తున్నారు, అది నిజమైన మేలు. కానీ అద్దాలు ఎక్కించుకుని మెయిన్ రోడ్డు మీద పోయే బండి బెల్టు షాపు ముందు ఏమీ మార్చదు. 2009లో ఫిలడెల్ఫియాలో నేరాలు ఎక్కువున్న 60 చోట్ల పోలీసులను కాలినడకన తిప్పారు. హింసాత్మక నేరాలు, అలా తిప్పని చోట్లతో పోలిస్తే 23 శాతం తగ్గాయి. పోలీసులను తీసేశాక ఆ లాభం నిలవలేదు. అంటే మంత్రం ఏమీ లేదు, మనిషి ఉన్నంతసేపే ఫలితం. నాకు ఇది నిరుత్సాహంగా అనిపించలేదు. గంటలు కాపాడాలనడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

మన దేశంలోనే రాజస్థాన్‌లో తాగి బండి నడిపేవాళ్ళ తనిఖీల మీద ఒక ప్రయోగం జరిగింది. ప్రతిసారీ ఒకే చోట తనిఖీ పెడితే పెద్ద ప్రభావం లేదు, పక్క దారి ఉందని అందరికీ తెలిసిపోతుంది. చోట్లు మారుస్తూ పెడితే రాత్రి ప్రమాదాలు 17 శాతం, మరణాలు 25 శాతం తగ్గాయి. నాకు అందులో ఇంకో విషయం నచ్చింది. స్టేషన్ సిబ్బంది తమ పనుల మధ్య ఈ పని చేసిన చోట కంటే, ఈ పనికే కేటాయించిన రిజర్వు సిబ్బంది ఎక్కువ క్రమంగా వెళ్ళారు. మన దగ్గర షీ టీమ్స్ కూడా అలాంటిదే. 2014 అక్టోబరులో మొదలుపెట్టినప్పుడు మఫ్టీలో బస్టాపుల్లో నిలబడటమే వాళ్ళ పని. ఆ పనికే పెట్టారు కాబట్టే నిలబడింది.

నేరం ఫోన్లోకి వెళ్ళింది కదా

ఇప్పుడు డబ్బు పోయేది గోడ దూకి కాదు, ఓటీపీతో, డిజిటల్ అరెస్టుతో, ట్రేడింగ్ యాప్‌తో, కాబట్టి మనుషులను సైబర్ వైపు పెట్టాలి, బీటు పాతకాలపు మాట అంటారు. ఇందులో చాలా నిజం ఉంది. తెలంగాణ 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో పెట్టింది, దానికి ఇంకా మనుషులు కావాలంటే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. అది బీటు కానిస్టేబుల్ చేసే పని కాదు.

కానీ మా పై అంతస్తులో పిల్లలు అమెరికాలో ఉన్న వృద్ధ దంపతులను తలుచుకుంటాను. వీడియో కాల్లో యూనిఫాం చూపించి గదిలోంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు అంటే, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని వాళ్ళకు ఎలా గుర్తొస్తుంది? వారానికోసారి గేటు దగ్గర కనపడి "ఏం పెద్దాయనా, బాగున్నారా" అనే నిజమైన కానిస్టేబుల్ తెలిసి ఉంటే, స్క్రీన్ మీద వాణ్ణి అనుమానించే అవకాశమైనా ఉంటుంది. దీన్ని నేను రుజువు చేయలేను, నమ్ముతున్నాను అంతే.

పాతుకుపోతాడన్న భయం

బాబాయే ఇంకో అడ్డు చెప్పాడు. "ఒకే బీటులో మూడేళ్ళు ఉంచితే ఏమవుతుందో తెలుసా? ఆ బెల్టు షాపు వాడితోనే దోస్తీ అవుతుంది, నెల నెలా మామూలు వస్తుంది." ఆయన డిపార్ట్‌మెంట్ మనిషి, ఆ మాట తేలిగ్గా తీసేయలేను. నిజంగానే ఇది నాకు ఇప్పటికీ పూర్తిగా తేలని ప్రశ్న.

అటువైపు కూడా చూడాలి కదా. మా పాయింట్ బుక్‌లో చేతిరాత మారినట్టు మనుషులను మారుస్తూ పోతే, ఏ ఇంట్లో ఎవరుంటారో, ఏ అరుగు మీద గంజాయి చేతులు మారుతుందో ఎవరికీ తెలియదు. 2006 సెప్టెంబరులో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్టేషన్ అధికారులకు కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలన్నది. దర్యాప్తును శాంతిభద్రతల నుంచి వేరు చేయమన్నది. కానిస్టేబుళ్ళ గురించి అంత స్పష్టంగా ఎవరూ అడగలేదు. రాజస్థాన్ పోలీసులతో ఆర్థికవేత్తలు చేసిన మరో ప్రయోగంలో బదిలీలు ఆపడం, శిక్షణ ఇవ్వడం మేలు చేశాయి. వారానికో సెలవు, జనం స్టేషన్‌కు వచ్చి చూడటం లాంటివి, స్టేషన్ అధికారి ఇష్టం మీద ఆధారపడినవి, కొద్ది నెలల్లో నీరుగారిపోయాయి. కేరళలో పోలీసులను జనానికి దగ్గర చేయడానికి 2008లో మొదలైన జనమైత్రి పథకంలో బీటు అధికారి ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలన్నది నియమం.

మనిషిని పెట్టడమే సరిపోదనడానికి మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉదాహరణ ఉంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు ఒక్కోదానికి ఒక మహిళా సంరక్షణ కార్యదర్శిని ఇచ్చారు, దాదాపు 15 వేల మంది. తరవాత మహిళా పోలీసులన్నారు.  కానీ వాళ్ళు పోలీసులా, సచివాలయం ఉద్యోగులా అన్నది తేలక తగువు హైకోర్టు దాకా వెళ్ళింది. వాళ్ళ రోజులు సర్వేలతో, హాజరు పట్టీలతో గడిచాయి. మా మేనమామ కూతురు అందులో పని చేసింది. "అక్కా, ఇంట్లో మొగుడు కొడుతున్నాడని ఒకామె వచ్చి కూర్చుంది. నేను ఆరోజు సర్వే టార్గెట్ పూర్తి చేయాలి. రేపు రమ్మని పంపించేశాను" అని చెప్పింది. రేపు ఆమె రాలేదట.

మామూళ్ళ భయానికి నాకు తోచిన మందు ఒకటే, లెక్క బయట పెట్టడం. ఏ కానిస్టేబుల్ ఏ చోట ఏ వేళ ఉండాలో వార్డు ఆఫీసు గోడ మీద రాసి ఉంటే, బస్తీ ఆడవాళ్ళే చెబుతారు వచ్చాడో లేదో, వచ్చి ఎక్కడ కూర్చున్నాడో. దీంతో అంతా బాగుపడుతుందని బాబాయ్ ఒప్పుకోలేదు. "రాస్తే మంచిదే" అన్నాడు, అంతవరకే.

సంఘం తరఫున అడగాల్సినవి

కోశాధికారి గారికి నేను చెప్పింది ఇది. చందాలో కొంత భాగంతో కాలనీ నుంచి బస్తీకి వెళ్ళే దారిలో ఆరిపోయిన లైట్లు మున్సిపాలిటీ వెంటపడి వేయిద్దాం, అవసరమైతే మనమే వేయిద్దాం. దానికి నేను అందరికంటే ముందు కడతాను. కెమెరాలు కావాలనుకున్నవాళ్ళు మెయిన్ గేటుకు పెట్టించుకోండి, అడ్డు చెప్పను.

దాంతోపాటు స్టేషన్‌కూ, ఏసీపీ గారికీ సంఘం లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇద్దాం. మా బీటుకు పేరు పెట్టి ఇద్దరు కానిస్టేబుళ్ళను ఇవ్వండి, రెండేళ్ళు మార్చకండి. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు బస్తీ మలుపు దగ్గర ఒకరు ఉండేలా రాతపూర్వకంగా ఇవ్వండి. బందోబస్తుకు వాళ్ళను తీసుకుంటే తీసుకోండి, కానీ నెలలో ఎన్ని రోజులు తీసుకున్నారో నెలాఖరున మాకు చెప్పండి. వాళ్ళకు వారానికి ఒక సెలవు ఇవ్వండి. ఈ చివరిది కోశాధికారి గారికి నచ్చలేదు, మన పని మనం అడుగుదాం, వాళ్ళ సెలవులు మనకెందుకు అన్నారు. పద్నాలుగు గంటలు నిలబడిన మనిషి పదిహేనో గంటలో ఆ పనిమనిషి ఫిర్యాదు ఎలా వింటాడు అని అడిగాను.

ఆ ఉత్తరం మీద బస్తీ వాళ్ళ సంతకాలు కూడా పెట్టిద్దామన్నాను. దీని మీద కమిటీలో ఇంకా ఒప్పందం కుదరలేదు. కాలనీ ఉత్తరంలో బస్తీ సంతకాలు ఎందుకని ఇద్దరు అభ్యంతరం చెప్పారు. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం, ఈసారి లిఫ్టు పక్కన నిలబడి మాట్లాడిన ఆమెను కూడా పిలవమని సెక్రటరీ గారికి రాశాను.